బడి పిల్లవాడు డిటెక్టివ్ అయితే: పిల్లల కోసం మిస్టరీ కథ రాయడానికి సమగ్ర మార్గదర్శి

పదకొండేళ్ల పిల్లవాడిని డిటెక్టివ్‌గా పెట్టి కథ మొదలుపెట్టిన చాలామంది, పేజీ తిరిగేసరికి ఒక పెద్దమనిషిని రాస్తుంటారు. చేతికి భూతద్దం ఇస్తారు, భుజాన బడిసంచి తగిలిస్తారు, మాటలు మాత్రం అనుభవం పండిన పోలీసు అధికారివి. చదివే పిల్లలు ఆ తేడాను ఇట్టే పసిగడతారు. కథ వాళ్లది కాదని తెలిశాక పుస్తకం పక్కన పెట్టేస్తారు.

పిల్ల డిటెక్టివ్ బలం చిన్నవాడు కావడంలోనే ఉంది. పెద్దలు అతడి ముందు గొంతు తగ్గించరు. పెద్దల కంట పడని ఎత్తులో ఉన్న వస్తువులు అతడి కంట పడతాయి. ఏ గోడకు కన్నం ఉందో, ఏ గేటు గొళ్లెం సరిగ్గా పడదో అతడికి తెలుసు. అయితే బడి గంట కొట్టాక వెళ్లిపోవాలి, చీకటి పడేలోపు ఇంట్లో ఉండాలి, ప్రశ్నలు వేస్తే "నీకెందుకురా" అనిపించుకోవాలి. ఈ వెసులుబాట్లూ ఈ అడ్డంకులూ కలిస్తేనే కథ. కింద చెప్పే ప్రతి అడుగూ దీని మీదే నిలుస్తుంది.

మీరు రాయబోయేది రెండు మూడు వేల మాటల కథ అనుకుని చెబుతున్నాను. నవలకైనా పద్ధతి ఇదే, అనుమానితులూ మలుపులూ పెరుగుతాయి, అంతే. అక్కడక్కడా నమూనాగా ఒకే కథను నడిపిస్తాను: ఒక బడి నడవాలోని గోడ గడియారం శుక్రవారాల్లో మాత్రం పది నిమిషాలు ముందుకు జరుగుతోంది. ఎవరు జరుపుతున్నారు?

మొదటి అడుగు: రహస్యం చిన్నది, నష్టం నిజమైనది

హత్యలు, కిడ్నాపులు, బ్యాంకు దోపిడీలు వద్దు. పిల్లలు తట్టుకోలేరని కాదు. అంత పెద్ద నేరం జరిగితే పోలీసులు వస్తారు, వచ్చాక మన కుర్రాడికి అక్కడ పని ఉండదు. వాళ్లను తెలివితక్కువవాళ్లుగా చూపిస్తేనే కథ నడుస్తుంది, అలా చూపిస్తే కథ మీదే నమ్మకం పోతుంది.

పెద్దలు "పోనీలే" అని వదిలేసే సంగతి కావాలి. తాళం వేసిన ఇంట్లో రాత్రిపూట వెలిగే దీపం. ఒక గోడ అవతల పడిన బంతి ఒక్కటీ తిరిగి రాకపోవడం. పోటీకి పెట్టిన బొమ్మ మీద ఒలికిన సిరా. తప్పిపోయిన కుక్క ప్రతి ఆదివారం ఒళ్లంతా సబ్బు వాసనతో ఇంటికి వచ్చి మళ్లీ మాయమవడం. ఇలాంటివి రాసిపెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ మూడు ప్రశ్నలు అడగండి. దీనివల్ల నష్టపోతున్నది ఎవరు? చేయని తప్పుకు నింద మోస్తున్నది ఎవరు? వచ్చే వారం దాకా ఆగితే ఏమవుతుంది?

మూడింటిలో రెండో ప్రశ్నకు జవాబు దొరికితే కథ సగం దొరికినట్టే. పోయిన వస్తువు కంటే నింద పడిన మనిషి పిల్లల్ని ఎక్కువ కదిలిస్తాడు, ఎందుకంటే చేయని తప్పుకు తిట్లు తిన్న అనుభవం ప్రతి పిల్లవాడికీ ఉంటుంది. మన నమూనాలో గంట కొట్టేది ముసలి అటెండరు. గోడ గడియారం చూసే కొడతాడు. శుక్రవారం పది నిమిషాల ముందే బడి వదిలేస్తున్నాడని, ఇంటికి తొందరపడుతున్నాడని అందరూ అతడినే అంటున్నారు. ఇంకొక్కసారి ఇలా జరిగితే పనిలోంచి తీసేస్తానని ప్రధానోపాధ్యాయుడు హెచ్చరించాడు. ఇప్పుడు మూడో ప్రశ్నకూ జవాబు వచ్చింది: వచ్చే శుక్రవారంలోగా నిజం తేలాలి.

ఇక్కడే ఇంకో చిక్కు తీర్చుకోవాలి. పిల్లవాడు పెద్దలకు చెప్పేస్తే సరిపోతుంది కదా, ఎందుకు చెప్పడు? జర్మన్ రచయిత ఎరిక్ కేస్ట్నర్ 1929లో రాసిన ఎమిల్ కథ దీనికి మంచి జవాబు ఇస్తుంది. రైల్లో డబ్బు పోగొట్టుకున్న ఎమిల్ పోలీసుల దగ్గరకు వెళ్లడు, ఎందుకంటే అంతకుముందు తన ఊళ్లో ఒక విగ్రహానికి రంగుతో మీసాలు దిద్దాడు, ఆ సంగతి బయటపడుతుందని భయం. పెద్దవాళ్లకు నవ్వులాట లాంటి కారణం, పిల్లవాడికి కొండంత భయం. మీ కుర్రాడికి కూడా అతడి వయసుకు సరిపడే కారణమే వెతకండి. చెప్పినా నమ్మలేదన్నది కూడా పనికొస్తుంది, అయితే అలా నమ్మని సందర్భాన్ని కథలో ఒకసారి చూపించాలి, ఊరికే అనేస్తే చాలదు.

రెండో అడుగు: నిజం పత్రం రాసుకోండి

మిస్టరీని మొదటి వాక్యం నుంచి రాసుకుంటూ పోతే చివర్లో ముడి విప్పలేక ఇబ్బంది పడతారు. ముందు జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద పెట్టండి. ఇందులో రహస్యం ఉండదు, అందం అక్కర్లేదు. ఎవరు, ఎందుకు, ఎప్పుడు, ఎలా, ఆ సమయంలో మిగతావాళ్లు ఎక్కడ. ఇది పాఠకుడి కంట పడే కాగితం కాదు.

గడియారం కథ నిజం పత్రం ఇలా ఉంటుంది. గడియారం ముల్లు తిప్పుతున్నది ఐదో తరగతి అమ్మాయి. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆ వార్డులోకి పిల్లల్ని శుక్రవారం సాయంత్రం మాత్రమే రానిస్తారు. బడి 4:15కు వదులుతారు, ఆసుపత్రి వైపు బస్సు 4:10కి వెళ్లిపోతుంది, తరువాతి బస్సు గంట తరవాత. అప్పటికి చూసే వేళ అయిపోతుంది. ముందుగా వెళ్లనివ్వమని అడగవచ్చు కదా? ఒకరోజు ఇంకో పిల్లవాడు అలాగే అడిగితే టీచరు గట్టిగా కసిరింది, ఈ అమ్మాయి అది విన్నది. అందుకని చివరి పీరియడుకు ముందు విరామంలో, అందరూ మైదానంలో ఉన్నప్పుడు, నడవాలో గోడ వారనున్న బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కి ముల్లు జరుపుతోంది. సోమవారం అటెండరు గడియారం ముందుందని ఎవరో చెప్పగా సరిచేస్తాడు, పాతదై పరుగెడుతోందనుకుంటాడు.

ఈ పత్రం రాస్తున్నప్పుడే కథలోని కన్నాలు బయటపడతాయి. అటెండరుకు చేతి గడియారం లేదా? ఉంటే తేడా అతడికే తెలిసిపోవాలి కదా? ఈ ప్రశ్న దగ్గర ఆగి ఆలోచిస్తే కథకు మరో గది తెరుచుకుంటుంది: చేతి గడియారం ఉంది కానీ అతడికి చూపు మందగించింది, చిన్న అంకెలు కనిపించవు. తెలిస్తే పని పోతుందని దాస్తున్నాడు. కన్నాన్ని పూడ్చబోయి ఒక మనిషిని సంపాదించుకున్నాం. నిజం పత్రం మీద గడిపే సమయం ఎప్పుడూ వృథా పోదు. కథ రాయడం కంటే దీనికే ఎక్కువ రోజులు పట్టినా కంగారు పడకండి.

మూడో అడుగు: కుర్రాడు

పది నుంచి పన్నెండేళ్ల మధ్య వయసు బాగా కుదురుతుంది. పిల్లలు తమకంటే ఏడాదో రెండేళ్లో పెద్దవాడి కథ ఇష్టంగా చదువుతారు, చిన్నవాడి కథను పక్కన పెడతారు.

అతడికి ఒకే ఒక్క ప్రత్యేకత ఇవ్వండి. అన్నీ తెలిసిన మేధావి విసుగు పుట్టిస్తాడు. ఒకడికి శబ్దాలు బాగా గుర్తుంటాయి, ఎవరి అడుగుల చప్పుడు ఎవరిదో చెప్పగలడు. ఇంకొకడు చూసింది చూసినట్టు బొమ్మ గీస్తాడు. మరొకడు క్లాసులో పాఠం వినకుండా నేల మీద ఎండ ఎక్కడి దాకా వచ్చిందో చూస్తూ కూర్చుంటాడు. ఈ మూడో వాడే మన గడియారం కథకు సరిపోతాడు. టీచరు రోజూ తిట్టే అలవాటే చివరికి పనికొస్తుంది.

బలహీనత కూడా ఒకటి ఉండాలి, అది దర్యాప్తుకు అడ్డుపడాలి. ఎత్తంటే భయమున్నవాడు చెట్టెక్కాల్సి రావడం, నత్తి ఉన్నవాడు ప్రధానోపాధ్యాయుడి ఎదుట మాట్లాడాల్సి రావడం. కథలో ఎక్కడా పనిచేయని బలహీనత అలంకారమే, తీసేయండి.

తోడుగా ఒక స్నేహితురాలో స్నేహితుడో ఉంటే మేలు. మనసులో ఆలోచనలను మాటలుగా మార్చడానికి అదే సులువైన దారి. కానీ ఆ తోడును "అబ్బా, నీకెలా తెలిసింది" అని ఆశ్చర్యపోవడానికే వాడవద్దు. కుర్రాడి లెక్కలో తప్పు పట్టేది ఆ తోడే కావాలి.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యం. పిల్లలు చదివింది చేసి చూస్తారు. మీ కుర్రాడు ముక్కూమొహం తెలియని మనిషి వెంట ఒంటరిగా వెళితే, తలుపు తీసి ఉన్న ఇంట్లోకి దూరితే, ఎవరి డైరీనో చదివితే, చదివేవాడికి అది అనుమతిలా కనిపిస్తుంది. కథకు అలాంటి సన్నివేశం తప్పనిసరైతే దాని ఫలితాన్ని కూడా చూపండి: పట్టుబడాలి, సిగ్గుపడాలి, ఒక స్నేహం దెబ్బతినాలి. తొంభై పాళ్లు ఆ అవసరమే రాదు. నలుగురూ తిరిగే చోట, పట్టపగలు, కళ్లూ చెవులూ తెరుచుకుని ఉంటే చాలినన్ని ఆనవాళ్లు దొరుకుతాయి.

నాలుగో అడుగు: పటం గీయండి

కథ జరిగే చోటును కాగితం మీద గీయాల్సిందే. బడి అయితే నడవా, తరగతులు, గడియారం ఉన్న గోడ, మైదానం వైపు కిటికీలు, గేటు, బస్సు ఆగే చోటు. ఎక్కడి నుంచి ఏది కనిపిస్తుందో గీతలు గీయండి. ఎక్కడి నుంచి ఎక్కడికి నడవడానికి ఎంతసేపు పడుతుందో రాయండి. "ఆ సమయంలో నేను మైదానంలో ఉన్నాను, నడవాలో ఎవరూ లేరు" అని ఒక పాత్ర చెప్పినప్పుడు, మైదానం నుంచి నడవా కనిపిస్తుందో లేదో మీకే తెలియకపోతే ఎలా? పటాన్ని కథతో పాటు అచ్చు వేస్తే పిల్లలు వేలు పెట్టి వెతుక్కుంటూ చదువుతారు.

ఐదో అడుగు: అనుమానితులు, ఒక్కొక్కరికీ ఒక గుట్టు

చిన్న కథకు ముగ్గురో నలుగురో చాలు. ప్రతి ఒక్కరికీ చేయడానికి కారణం, చేయగల అవకాశం, అసలు నేరంతో సంబంధం లేని ఒక దాపరికం ఇవ్వండి. ఈ మూడోది చాలామంది మరిచిపోతారు. దాచుకోవడానికి ఏదో ఉన్నవాడే తడబడతాడు, అబద్ధమాడతాడు, అందువల్లే అనుమానం పుడుతుంది.

మన కథలో అటెండరు దాస్తున్నది చూపు సంగతి. ఫుట్‌బాల్ జట్టు కెప్టెనుకు బడి ముందుగా వదిలితే లాభం, పెద్ద తరగతులవాళ్లకంటే ముందే మైదానం దొరుకుతుంది. విరామంలో అతడు మైదానానికి రాకుండా తరగతి గదిలోనే ఉండిపోతాడు కూడా, ఎందుకంటే స్నేహితుడి లెక్కలు చూసి రాసుకుంటున్నాడు. చివరి పీరియడు లెక్కల మాస్టారు శుక్రవారం గంట కొట్టగానే అందరికంటే ముందు వెళ్లిపోతాడు, అది ఆయన రాస్తున్న మరో పరీక్ష శిక్షణ కోసం. అసలు చేసిన అమ్మాయి మాత్రం అనుమానితుల జాబితాలోనే లేదు. కానీ కథలో ఉంది, మొదటి పేజీల నుంచీ ఉంది.

ఇది నియమం కూడా. అపరాధ పరిశోధన కథలకు ఆంగ్ల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పది సూత్రాలు రాశాడు. నేరం చేసినవారు కథ తొలి భాగంలోనే కనిపించాలన్నది అందులో మొదటిది. డిటెక్టివ్‌కు యాదృచ్ఛికం సాయపడకూడదని, అతడు చూసిన ఆధారాన్ని పాఠకుడికీ చూపించాలని మరి రెండు. ఆ పదిలో కొన్ని కాలం చెల్లినవే, ఈ మూడు మాత్రం పిల్లల కథలకు ఇంకా గట్టిగా వర్తిస్తాయి. పెద్ద పాఠకుడు మోసపోయానని విసుక్కుంటాడు, పిల్ల పాఠకుడు తన తెలివి చాలలేదేమో అనుకుంటాడు. అలా అనిపించే హక్కు మనకు లేదు.

ఆరో అడుగు: ఆధారాలు పెట్టడం, దాచడం

మనిషి ఎక్కడికి వెళ్లినా ఏదో ఒకటి వదిలి వస్తాడు, ఏదో ఒకటి అంటించుకుని వస్తాడు. 1910లో లియోన్ నగరంలో పోలీసు ప్రయోగశాల నెలకొల్పిన ఫ్రాన్స్ దేశస్థుడు ఎడ్మండ్ లొకార్డ్ పేరుతో ఈ సూత్రం ప్రసిద్ధం. నిజం పత్రం తీసి, నేరం జరిగిన ప్రతి నిమిషానికీ ఈ ప్రశ్న వేయండి: ఇక్కడ ఏం మిగిలింది, ఒంటికి ఏం అంటుకుంది? గడియారం పైన ఏళ్ల తరబడి దుమ్ము. ఎక్కిన అమ్మాయి మోచేతికి అది అంటుకుంటుంది. నడవా బల్ల మీద సుద్దపొడి పరుచుకుని ఉంటుంది, స్టూలు వేస్తే నాలుగు గుండ్రటి గుర్తులు పడతాయి.

వేలిముద్రల జోలికి మాత్రం పోవద్దు. వేలిముద్రల కార్యాలయం కలకత్తాలో 1897లోనే ఏర్పడింది, పోలీసులకు అది పాత విద్య. పిల్లవాడి దగ్గర పోల్చి చూడటానికి ఇంకెవరి ముద్రలూ ఉండవు, కాబట్టి పొడి చల్లి ముద్ర తీసినా దానితో చేయగలిగేది లేదు. కళ్లతో, ముక్కుతో, చెవులతో, చిన్న లెక్కతో తేలే ఆనవాళ్లే అతడికి తగినవి. కొన్ని చెబుతాను, వీటి మీద మీరు కథలు కట్టుకోవచ్చు.

వాన కురిసి వెలిసిన తరవాత బండి కింద నేల పొడిగా ఉంటే, ఆ బండి వానకు ముందు నుంచీ అక్కడే ఉంది. "ఇప్పుడే వచ్చాను" అన్నవాడి మాట చెల్లదు. మెత్తటి మట్టిలో మలుపు తిరిగిన సైకిలు రెండు జాడలు వదులుతుంది. వెనక చక్రం లోపలి వైపుగా వస్తుంది, జాడలు కలిసిన చోట వెనక చక్రం గుర్తే పైన పడుతుంది. గట్టిగా నొక్కి రాసి కాగితం చింపుకుపోతే, కింది కాగితం మీద పెన్సిలును అడ్డంగా రుద్దితే అక్షరాలు తేలతాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకూ సుమారు ఒక కిలోమీటరు దూరం.

చంద్రుడు అబద్ధాలు పట్టించడంలో సాటిలేని సాక్షి. పున్నమి చంద్రుడు సూర్యాస్తమయం వేళకు ఉదయిస్తాడు. అమావాస్య వెళ్లిన రెండో మూడో రోజు కనిపించే సన్నని నెలవంక, పొద్దుగుంకిన కాసేపటికే పడమట దిగిపోతుంది. "అర్ధరాత్రి నెలవంక వెలుగులో ముఖం స్పష్టంగా చూశాను" అని ఎవరైనా అంటే, వాళ్లు ఆ సమయంలో బయట లేరన్నమాట. శుక్లపక్ష అష్టమి చంద్రుడు దాదాపు అర్ధరాత్రికి అస్తమిస్తాడు. కథ ఏ తిథిన జరుగుతోందో ముందే తేల్చుకుని, ఆ సంగతి కథలో ఎక్కడో ఒకచోట మాటవరసగా చెప్పండి.

అందరూ అరగదీసినవి కొన్ని ఉన్నాయి. "ఉత్తరం పుస్తకంలో 27, 28 పేజీల మధ్య దొరికింది" అన్న అబద్ధం వాటిలో ఒకటి. బేసి సంఖ్య కుడివైపు పేజీకి వస్తుంది, 27, 28 ఒకే కాగితానికి రెండు వైపులు, మధ్యలో ఏదీ పట్టదు. చక్కటి ఆధారమే, కానీ మిస్టరీలు చదివే పిల్లలకు ఇది ఎప్పుడో తెలుసు. పగిలిన అద్దం ముక్కలు ఇంకొకటి. లోపలి నుంచి కొడితే ముక్కలన్నీ బయటే పడతాయని రాస్తుంటారు. ఎక్కువ భాగం దెబ్బకు ఎదురువైపు పడే మాట నిజమే, కానీ చిన్న పలుకులు కొన్ని కొట్టినవాడి వైపు కూడా చిమ్ముతాయి. లోపల నాలుగు పలుకులు దొరికాయని దోషిని తేల్చేస్తే లెక్క తప్పుతుంది. మీరు వాడే ప్రతి వాస్తవాన్నీ వీలైతే చేసి చూడండి, వీలుకాకపోతే పుస్తకంలో సరిచూడండి. పిల్లలు తప్పకుండా చేసి చూస్తారు.

ఇప్పుడు గడియారం దగ్గరకు రండి. పది నిమిషాల తేడా మన కుర్రాడికి ఎలా తెలిసింది? అతడి దగ్గర గడియారం లేదు. కిటికీ చువ్వల నుంచి పడే ఎండ ఉంది. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, పది నిమిషాలకు రెండున్నర. కిటికీకి నాలుగు మీటర్ల దూరంలో నేల మీద పడే వెలుగు ఆ కాస్త సమయంలోనే జానెడు దూరం జరుగుతుంది. గురువారం చివరి గంట కొట్టినప్పుడు పగిలిన గచ్చు బండను తాకిన ఎండ, శుక్రవారం అదే గంటకు దాని దాకా రాలేదు. కుర్రాడు చూసింది ఇదే.

రెండో ఆధారానికి కూడిక చాలు. గడియారం ముల్లు నేల నుంచి 240 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. మనిషి చెయ్యి చాస్తే అందే ఎత్తు అతడి ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్లు. కెప్టెను 160 సెంటీమీటర్లు, అంటే 200 దాకా అందుతుంది, 45 సెంటీమీటర్ల బల్ల ఎక్కితే 245. అతడికి స్టూలు అక్కర్లేదు. అటెండరుకూ మాస్టారుకూ అసలే అక్కర్లేదు. 130 సెంటీమీటర్ల పిల్లకు బల్ల ఎక్కినా 207 దాకానే, దాని మీద మరో 45 సెంటీమీటర్ల స్టూలు వేస్తే 252. సుద్దపొడిలో ఉన్న నాలుగు గుండ్రటి గుర్తులు చెబుతున్నది, ఎక్కినది చిన్నపిల్ల అని. అనుమానితులు ముగ్గురూ ఒక్క దెబ్బతో తప్పుకున్నారు. ఈ లెక్కను కుర్రాడు బడి గోడ మీద తన చేతినే చాచి కొలుచుకుంటే ఇంకా బాగుంటుంది.

ఆధారాన్ని దాచడం వేరే పని. దాన్ని పాఠకుడి కళ్ల ముందే పెట్టాలి, కానీ కళ్లు దాని మీద నిలవకూడదు. మూడు వస్తువుల వరుసలో మధ్యన పెట్టడం ఒక దారి. "కెప్టెను బల్ల కింద కాళ్లతో బంతి దొర్లిస్తున్నాడు, మొదటి వరుసలో అమ్మాయి సంచి భుజాన వేసుకునే నోట్సు రాస్తోంది, మాస్టారు సుద్దముక్క కోసం జేబులు తడుముకుంటున్నారు." ఇక్కడ అసలు ఆధారం సంచి. కానీ చదివేవాడు బంతిని, మాస్టారి జేబుల్ని చూస్తాడు. నవ్వు తెప్పించే సన్నివేశంలో పెట్టడం ఇంకో దారి. ఆధారాన్ని ముందు చూపి, దాని అర్థం తెలియాల్సిన విషయాన్ని చాలాసేపటి తరవాత చెప్పడం మూడోది. ఎమిల్ కథలో జరిగింది ఇదే. డబ్బు పడిపోకుండా కోటు లోపలికి గుండుసూదితో గుచ్చుకుంటాడు, అది జాగ్రత్తపరుడైన పిల్లవాడి పనిగానే చదువుతాం. చివరికి ఆ నోట్లు తనవేనని రుజువు చేసేది సూది కన్నాలే.

అటెండరు చూపు సంగతికీ ఇలాంటి దాపే కావాలి. కథ మొదట్లో అతడు కుర్రాడి చేతికి ఒక నోటీసు ఇచ్చి చదివి వినిపించమంటాడు.

"తాతా, మీరే చదవొచ్చు కదా?"

"నీ గొంతు బాగుంటుందిరా, చదువు."

అప్పటికి అది ముద్దుగా అనిపిస్తుంది. తరవాత దాని అర్థం మారిపోతుంది.

ఒక్కో చిన్న కథకు నాలుగైదు ఆధారాలు, ఒకటో రెండో తప్పుదారి పట్టించేవి చాలు. తప్పుదారి పట్టించేది కూడా వాస్తవమే కావాలి, దానికి కథలోనే సంజాయిషీ దొరకాలి.

ఏడో అడుగు: దర్యాప్తును వరుసలో పెట్టడం

కుర్రాడికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, మీరూ అదే పుస్తకం రాయండి. ప్రతి సన్నివేశం చివర అతడికి ఏం తెలుసు, ఏం అనుకుంటున్నాడు, రేపు ఏం చేస్తాడు అన్న మూడు సంగతులూ మారాలి. ఏదీ మారని సన్నివేశం ఎంత ముచ్చటగా ఉన్నా తీసేయాల్సిందే.

నడిమధ్యలో అతడు తప్పు మనిషిని పట్టుకోవాలి. ఇది లేని కథలు చప్పగా సాగుతాయి. మన కుర్రాడు కెప్టెనే దోషి అని నమ్మి అందరి ముందూ అనేస్తాడు. కెప్టెను లెక్కలు చూసి రాసుకున్న సంగతి బయటపడి అతడికి శిక్ష పడుతుంది, అసలు రహస్యం మాత్రం అలాగే ఉంటుంది. ఇప్పుడు కుర్రాడి వల్లే ఒకరికి నష్టం జరిగింది. తొందరపడి నిందించినవాళ్లలో తానూ ఒకడయ్యాడు. ఇక్కడి నుంచి అతడు వెతికే తీరు మారాలి: మాటలు తగ్గాలి, చూడటం పెరగాలి.

బడి వేళల్ని ఉపయోగించుకోండి. విరామం పది నిమిషాలే కాబట్టి, ఆ పదిలో ఒక్క పనే చేయగలడు. బల్లను కొలవాలా, అమ్మాయితో మాట్లాడాలా? పరిగెత్తించే ఉత్కంఠ ఇందులోనే దొరుకుతుంది, వెంటపడే దుండగులు అక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: ముడి విప్పడం, ఆ తరవాత

పెద్దల కథల్లో అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి వేలెత్తి చూపుతారు. పిల్లల కథలో అది క్రూరంగా ఉంటుంది, ముఖ్యంగా తప్పు చేసినది మరో పిల్ల అయినప్పుడు. మన కుర్రాడు శుక్రవారం విరామంలో నడవాకు వెళ్లి, ఆ అమ్మాయి వచ్చేసరికి బల్ల పక్కన నిలబడి ఉంటాడు. "బస్సు 4:10కా?" అని ఒక్క ప్రశ్న అడుగుతాడు. చాలు. ఎండ, గుర్తులు, కొలత, సంచి అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోకి వచ్చి చేరతాయి. తరవాత తన తోడుకు వివరించేటప్పుడు వరసగా చెప్పించండి, ఒక్క పేజీ మించనివ్వకండి.

అసలు కష్టం ఇప్పుడు మొదలవుతుంది. అటెండరు నిర్దోషి అని చెప్పాలంటే అమ్మాయి పేరు చెప్పాలి. గడియారం తప్పు అతడు ఎందుకు గుర్తించలేదని అడిగితే చూపు సంగతి బయటపడుతుంది. రెండు గుట్లూ కుర్రాడి చేతిలో ఉన్నాయి. ఎవరిది చెప్పాలి, ఎవరిని అడిగి చెప్పాలి? ఈ చోట కథకుడు తొందరపడకూడదు. నా వరకైతే అమ్మాయి తానే ప్రధానోపాధ్యాయుడి గది తలుపు తట్టాలి, కుర్రాడు బయట నిలబడాలి. అటెండరు సంగతిని అతడు ఎవరికీ చెప్పడు, అతడితో మాత్రం చెబుతాడు. అమ్మాయికి శుక్రవారం ముందుగా వెళ్లే అనుమతి, తాతకు కళ్లజోడు, కెప్టెనుకు ఒక క్షమాపణ. పతకాలూ చప్పట్లూ లేకపోయినా పిల్లలకు లోటు అనిపించదు, అన్నీ సర్దుకున్నాయన్న తృప్తి వాళ్లకు చాలు.

దోషి నిజంగా చెడ్డవాడైతే సంగతి వేరు. అప్పుడు కుర్రాడు ఆధారాలను పెద్దల చేతిలో పెట్టి పక్కకు తప్పుకోవాలి. పట్టుకోవడం వాళ్ల పని.

తొమ్మిదో అడుగు: వాక్యం, మాట

మొదటి పేరాలోనే వింత కనిపించాలి. వాతావరణ వర్ణన, కుటుంబ పరిచయం తరవాత. "ఆ శుక్రవారం గంట కొట్టినప్పుడు ఎండ ఇంకా పగిలిన బండ దాకా రాలేదు" లాంటి వాక్యంతో మొదలైతే, ఏదో తేడా ఉందని పాఠకుడికి వెంటనే తెలుస్తుంది.

వాక్యాలు చిన్నవిగా ఉండనివ్వండి, కానీ మాటలకు భయపడకండి. "నిర్దోషి", "సాక్ష్యం", "కూపీ" లాంటి మాటలు కథలోనే అర్థమయ్యేలా వాడితే పిల్లలు వాటిని ఇష్టంగా పట్టుకుంటారు. చూసింది రాయండి, దాని అర్థం వెంటనే చెప్పేయకండి. "ఆమె భయపడింది" అంటే తీర్పు, "ఆమె పెన్సిలు చెక్కుతూనే ఉంది, మొన విరిగినా ఆపలేదు" అంటే ఆధారం.

పదో అడుగు: పిల్లల చేత పరీక్ష

రాసినదాన్ని ముడి విప్పే పేజీకి ముందు ఆపి, ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఇవ్వండి. ఎవరు చేసి ఉంటారని అడగండి, ఎందుకలా అనుకున్నారో కూడా అడగండి. అందరూ సరిగ్గా చెప్పేస్తే ఒక ఆధారం మరీ పైకి తేలి ఉంది, ఎక్కడ పట్టుకున్నారో కనుక్కుని దాన్ని కొంచెం లోపలికి నెట్టండి. ఒక్కరికీ అందకపోతే ఒక ఆధారం తక్కువైంది. చివరి పేజీ చదివాక "అరే, ఇది ముందే ఉంది కదా" అంటూ పేజీలు వెనక్కి తిప్పితే కథ కుదిరింది. చదువుతూ ఎక్కడ దిక్కులు చూశారో కూడా గమనించి గుర్తు పెట్టుకోండి, అక్కడ సగం మాటలు తీసేయవచ్చు.

ఇదే కుర్రాడితో మరిన్ని కథలు రాయదలిస్తే ఒక దస్త్రం తెరిచి పెట్టుకోండి: పటం, బడి వేళలు, ఎవరి ఎత్తు ఎంత, ఎవరికి ఏం తెలుసు, ఏ కథలో ఏ ఆధారం వాడారు. రెండో కథలో కెప్టెను కుర్రాడిని వెంటనే నమ్మకూడదు, మొదటి కథలో పడిన నింద అతడికి గుర్తుండాలి. అటెండరు కళ్లజోడు పెట్టుకుని కనిపించాలి. ఐదో తరగతి అమ్మాయి ఈసారి దర్యాప్తులో తోడు రావచ్చు, ఎవరి కంటా పడకుండా పని చేయడం ఆమెకు బాగా తెలుసు.